లెక్కల సారు రాసిన లెక్కలు

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ను. కొవిడ్‌తో మూతపడిన బడికి 2020 ఆగస్టు 27న తిరిగి వెళ్ళిన నాటి నుంచి 2021 మే 21న పదో తరగతి ఫలితాలు వచ్చిన నాటి వరకు నా పనిలో పాఠానికి పోయిన సమయం ఎంత, రిపోర్టులకు పోయిన సమయం ఎంత అన్నది ఒక రెండు వందల పేజీల నోటుబుక్కులో తేదీలవారీగా రాసుకున్నాను. మొదట్లో అది కోపంతో మొదలుపెట్టిన లెక్క. తరువాత అలవాటైంది. ఆ నోటుబుక్కు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఆ తరువాతి విద్యా సంవత్సరమూ టీవీ పాఠాలతోనే మొదలవుతుందన్న మాట 2021లో వినిపించింది. ఇలాంటి పని మళ్ళీ ఎప్పుడైనా మీద పడితే, ఉపాధ్యాయ మిత్రులకు అసలు ఏం జరుగుతుందో తెలిసి ఉండడం మంచిది.

ఆగస్టు 27 గురువారం. మార్చి మధ్యలో మూతపడిన తరగతి గది తాళం తీసేసరికి బెంచీల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంది, నల్లబల్ల మీద మార్చి నాటి తేదీ అలాగే ఉంది. పిల్లలు రారని తెలిసినా కళ్ళు గేటు వైపే పోయాయి. పాఠాలు టీవీలో చెప్పబోతున్నారు కాబట్టి, పదకొండున్నర కాకముందే మొదటి ఫార్మాట్, అంటే వివరాలు నింపి పంపే పట్టిక, వాట్సాప్‌లో వచ్చింది. ఎంతమంది పిల్లల ఇళ్ళలో టీవీ ఉంది, ఎంతమందికి స్మార్ట్‌ఫోన్ ఉంది, ఇంటర్నెట్ ఎందరికి ఉంది, ఏదీ లేనివారు ఎందరు, ఏదీ లేనివారిని ఎవరి ఇంటి టీవీకి జతచేస్తున్నారు అన్న వివరాలు తరగతివారీగా అదే రోజు సాయంత్రం 5 గంటలలోపు పంపాలి.

నా తరగతిలో 34 మంది. అడ్మిషన్ రిజిస్టరులోని ఫోన్ నంబర్లకు వరుసగా చేస్తూ పోతే తొమ్మిది పనిచేయలేదు. మరో ఆరు నంబర్లు తల్లిదండ్రులవి కావు, ఎప్పుడో బడిలో చేర్పించడానికి వచ్చిన మేనమామలవో, పక్కింటివాళ్ళవో. ఆ 34 ఇళ్ళ వివరాలు నిజంగా తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. గడువు మాత్రం ఆ సాయంత్రం ఐదు వరకే. అందుకని మా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయురాలు) మేడం, ఆమె తప్పేమీ లేకుండానే, ఆ సంవత్సరమంతా మమ్మల్ని నడిపించిన మాట ఆ రోజే అన్నారు: “ముందైతే ఏసి పంపుండ్రి సార్, తర్వాత సరిచేసుకుందాం.” వేసి పంపాం. మూడు రోజుల తరువాత నేను తెచ్చిన సరైన అంకెలను ఎక్కడ సరిచేయాలో చెప్పే నాథుడు లేడు, ఎందుకంటే ఆ షీటును అప్పటికే మూసేశారు.

సరైన అంకెలు ఇవి: టీవీ ఉన్న ఇళ్ళు 25, స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ళు 18, రెండూ లేనివి 6. ఈ మూడింటికంటే ముఖ్యమైన సంగతి ఏ ఫార్మాట్‌లోనూ లేదు. టీవీ ఉన్న 25 ఇళ్ళలో నాలుగింటి డిష్ రీచార్జి అయిపోయి ఉంది. స్మార్ట్‌ఫోన్ ఉన్న 18 ఇళ్ళలో పదకొండింటి ఫోన్ పొద్దున ఏడింటికి తండ్రితో పాటు పొలానికో, ఆటోలోకో, హైదరాబాదుకో వెళ్ళిపోయి రాత్రికి గాని ఇంటికి రాదు.

ఇక్కడ నా స్వయంకృతాపరాధం ఒకటి చెప్పాలి. మొదటి రోజునే కొందరికి ఎక్సెల్‌లో కూడిక ఫార్ములా వేసి చూపించాను. ఆ సాయంత్రానికల్లా నేను “కంప్యూటర్ వచ్చిన సారు” అయిపోయాను. ఆరు నుంచి పది వరకు ఐదు తరగతుల, మొత్తం 142 మంది పిల్లల వివరాలు తొమ్మిది మంది ఉపాధ్యాయుల నుంచి సేకరించి, కలిపి, పంపే పని ఆ రోజు నుంచి నాదే. ఫార్ములా తెలిసినవారు నాలాగా తొందరపడకుండా ఉంటే మేలు.

సెప్టెంబరు 1న దూరదర్శన్ వారి డీడీ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ప్రసారాల టీ-సాట్ చానెళ్ళలో మూడు నుంచి పదో తరగతి వరకు పాఠాలు మొదలయ్యాయి. పాఠాలు బాగానే ఉన్నాయి. శాస్త్రం తెలిసిన ఉపాధ్యాయులే చెప్పారు, నేను కూడా కొన్ని కూర్చొని విని నేర్చుకున్నాను. మా పని వాటిని పిల్లలు చూసేలా చూడడం, సందేహాలు తీర్చడం, వర్క్‌షీట్లు ఇచ్చి దిద్దడం. నిజానికి ఆ మూడూ నాకు ఇష్టమైన పనులే. వాటితో పాటు నాలుగోది వచ్చింది, రోజూ సాయంత్రం 4 గంటలలోపు పంపవలసిన రిపోర్టు.

దాని గడులు ఇలా ఉండేవి: మొత్తం పిల్లలు, దూరదర్శన్‌లో చూసినవారు, టీ-సాట్‌లో చూసినవారు, ఫోన్‌లో చూసినవారు, మిత్రుల ఇంట్లోనో పంచాయతీలోనో చూసినవారు, చూడనివారు, ఫోన్ ద్వారా సంప్రదించినవారు, వర్క్‌షీటు ఇచ్చినవారు. చూసినవారూ చూడనివారూ కలిపితే మొత్తంతో సరిపోవాలి, సరిపోకపోతే గడి ఎర్రబడుతుంది. ఆ ఎరుపును నేను ఐదు నెలలు కలలో కూడా చూశాను. ఫోన్ రాత్రి ఏడింటికి ఇంటికొచ్చే పిల్లవాడు యూట్యూబ్‌లో ఆ రోజు పాఠం రాత్రి ఎనిమిదికి చూస్తాడు. అతడు చూశాడా లేదా అన్నది నేను సాయంత్రం నాలుగింటికే చెప్పాలి. చూడలేదని వేస్తే సంఖ్య పెరుగుతుంది, పెరిగితే ఎందుకు పెరిగిందని ఫోన్ వస్తుంది. చూశాడని వేస్తే ఇంకా జరగనిదాన్ని జరిగిందని రాసినట్టవుతుంది. మొదటి వారం నిజాయతీగా “చూడనివారు” గడిలో వేశాను. రెండో వారంలో రెండుసార్లు ఫోన్ వచ్చింది. మూడో వారం నుంచి నిన్న రాత్రి చూసినవారిని ఇవాళ్టి లెక్కలో వేయడం మొదలుపెట్టాను. అది అబద్ధమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ రిపోర్టు నింపే తీరు కూడా చెప్పాలి. మండలంలోని బడులన్నిటికీ కలిపి ఒకే గూగుల్ షీటు. ముప్పై ఎనిమిది బడులు, ఒక్కొక్కటికి ఒక వరుస, అందరూ 3:40 నుంచి 4 గంటల మధ్యనే, సగం మంది ఫోన్లలోనే, దాన్ని తెరుస్తారు. సెప్టెంబరు 16న నేను మా వరుసలో అంకెలు వేస్తుండగానే కళ్ళ ముందే వరుసలు పైకీ కిందికీ కదిలాయి. ఎవరో తెలియక అక్షరక్రమంలో పేర్చినట్టున్నారు. నేను వేసిన సగం అంకెలు 23 మంది పిల్లలున్న ఒక ప్రాథమిక పాఠశాల పేరుకు ఎదురుగా పడ్డాయి. రాత్రి ఎనిమిదిన్నరకు ఆ బడి హెడ్‌మాస్టరు గారు నాకు ఫోన్ చేసి, “సార్, మా 23 మందిల 97 మంది టీవీ చూసిండ్రట, మీవేనా?” అని అడిగారు. ఇద్దరం నవ్వుకున్నాం. మరునాడు పొద్దున “రిపోర్టు ఇవ్వని బడులు” అన్న జాబితాలో మా బడి పేరు ఎర్ర రంగులో గ్రూపులో వచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి నింపగానే స్క్రీన్‌షాట్ తీసి తేదీ పేరుతో దాచుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క స్క్రీన్‌షాట్ సంగతి గుర్తుంచుకోండి, ఆ తరువాత నన్ను అది నాలుగుసార్లు కాపాడింది.

సెప్టెంబరు నెలాఖరుకు అదే సమాచారం ఐదు చోట్లకు పోతోంది. షీటులో ఒకసారి, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) గ్రూపులో వాట్సాప్ సందేశంగా ఒకసారి, ఆ బడుల సమాచారం చూసే సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారికి ఫోన్‌లో చెప్పడం ఒకసారి, బడిలోని రిజిస్టరులో ఒకసారి, వారాంతంలో అంతా కలిపి హెచ్‌ఎం సంతకం, స్టాంపుతో హార్డ్ కాపీగా ఎమ్మార్సీలో (మండల వనరుల కేంద్రంలో) ఇవ్వడం ఒకసారి. హార్డ్ కాపీ ఇవ్వడానికి పోనూ రానూ 22 కిలోమీటర్లు. సీఆర్పీ గారిని అనడానికి లేదు, ఆయన మీద ఇలాంటి బడులు పన్నెండు, జీతం మాకంటే చాలా తక్కువ. ఎవరికి వారు తమ పైవారు అడిగినదే అడుగుతున్నారు. ఒకరి దగ్గర ఉన్నదాన్ని ఇంకొకరు తీసుకుంటే సరిపోతుందన్న ఆలోచన మాత్రం ఏ మెట్టు మీదా కనిపించలేదు.

నా నోటుబుక్కు ప్రకారం సెప్టెంబరు 1 నుంచి జనవరి 31 వరకు రకరకాల ఫార్మాట్లు 31 వచ్చాయి. వాటిలో రోజువారీవి రెండు, వారానికొకసారివి నాలుగు, మిగిలినవన్నీ “అత్యంత జరూరు” అంటూ ఒక్కసారి వచ్చి పోయినవి. సగటున రోజుకు గంటా నలభై నిమిషాలు వీటికి పోయాయి. పిల్లలతో ఫోన్‌లో మాట్లాడిన సమయం రోజుకు యాభై నిమిషాలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు.

మరొక వింత. పాఠం చెబుతున్నది టీవీలో వేరే ఉపాధ్యాయుడు, అయినా పీరియడ్ ప్లాన్ మేము రాయాలి. బోధనాభ్యసన సామగ్రి అన్న గడిలో మొదటి రోజు ఏం రాయాలో తెలియక “టీవీ” అని రాశాను. ఎవరూ ప్రశ్నించలేదు కాబట్టి ఏడాదంతా అదే రాశాను.

ఖర్చుల సంగతి. ఫోన్‌లో అందుకునే వీలు లేని పిల్లలకు వర్క్‌షీట్లు జిరాక్స్ తీసి ఇవ్వాలి. అలాంటివారు నా తరగతిలో 11 మంది, జనవరి వరకు 22 వర్క్‌షీట్లు, ఒక్కొక్కటి రెండు పేజీలు, పేజీకి రూపాయిన్నర చొప్పున 726 రూపాయలు నా గణితానికే అయింది. గ్రాంటు వచ్చాక సర్దుకుందామని బిల్లులు దాచాను, ఇప్పటికీ అవి నా దగ్గరే ఉన్నాయి. డేటా మధ్యాహ్నానికే అయిపోతుంటే నెలకు వంద రూపాయలకు పైగా అదనపు రీచార్జి. పెట్రోలు లెక్క రాయడం నవంబరులో మానేశాను. పెద్ద ఖర్చు మాత్రం అనుకోనిది. పిల్లలు వర్క్‌షీట్లను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేవారు, ఒక్కొక్కరు నాలుగైదు ఫోటోలు, సగం మసకగా ఉండి మళ్ళీ పంపినవి. ఇంటిని సందర్శించినట్టు రుజువుగా మేము తీసే ఫోటోలు వాటికి అదనం. నవంబరు రెండో వారానికి నా పాత ఫోన్ నిండిపోయి ఆగిపోయింది, 11,500 రూపాయలు పెట్టి కొత్తది కొన్నాను. మా ఆవిడ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధగా అనిపించింది.

ఇంటింటి సందర్శనకు నాకు కేటాయించినవి బడికి మూడు కిలోమీటర్ల దూరంలోని తండా, దాని పక్కనున్న చిన్న పల్లె. మొత్తం 19 మంది పిల్లలు. అక్కడికి వెళ్ళిన రోజులే ఆ సంవత్సరంలో నేను ఉపాధ్యాయుణ్ణి అనిపించిన రోజులు. ఆ తండాలో పదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. ఆగస్టు సర్వేలో ఆమె ఇంటిని టీవీ ఉన్న ఇల్లుగా రాశాం. సెప్టెంబరు 8న వెళ్ళేసరికి “టీవీ ఉన్నది గని రీచార్జి అయిపోయింది సార్” అన్నది. వాళ్ళ అత్త ఇంట్లో టీవీ నడుస్తోంది, కానీ పాఠం వచ్చే సమయానికి ఆ ఇంటికి తాళం ఉంటుంది. పక్కింటి పిల్లల ఫోన్‌లో ఆదివారాలు మూడు నాలుగు పాఠాలు ఒకేసారి చూస్తుంది. ఆమెను ఏ గడిలో వేయాలి? టీవీ ఉంది, చూడలేదు. ఫోన్ లేదు, చూసింది. ఆదివారం రిపోర్టు లేదు. మొత్తం సరిపోవాలి కాబట్టి ఆమె ఐదు నెలలూ “మిత్రుల ఇంట్లో చూసినవారు” అన్న గడిలోనే ఉండిపోయింది.

దసరా తరువాత పత్తి ఏరడానికి ఇంటిల్లిపాదీ చేనుకు పోతున్నారు. నవంబరు 11న నేను సాయంత్రం ఆరు దాటాక తండాకు వెళ్ళాను, అప్పుడే వాళ్ళు చేను నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. ఆ అమ్మాయి వేళ్ళ కొసలు పత్తికాయ తొడిమెలు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. శ్రేఢుల వర్క్‌షీటు చేశావా అని అడిగితే లోపలికి వెళ్ళి తెచ్చింది. చివర “సొంతంగా ఒక సమస్య రాయండి” అన్న చోట ఇలా ఉంది: ఒక అమ్మాయి మొదటి రోజు 18 కిలోల పత్తి ఏరింది, ఆ తరువాత ప్రతి రోజూ ముందు రోజు కంటే 2 కిలోలు ఎక్కువ ఏరితే 10 రోజుల్లో మొత్తం ఎన్ని కిలోలు? కింద సూత్రం రాసి, విలువలు వేసి, 270 అని తేల్చింది. సరిగ్గా ఉంది. నేను మెచ్చుకుంటే సిగ్గుపడి, “రోజూ రెండు కిలోలు ఏడ పెరుగుతది సార్, లెక్క కోసం రాసిన” అన్నది. ఆ కాగితం నేను తీసుకున్నాను. ఆ రోజు రిపోర్టులో తండా సందర్శనకు ఎదురుగా ఉన్న గడి ఒక్కటే, “అవును / కాదు”. అవును అని పెట్టి, ఆ అమ్మాయి వర్క్‌షీటు పట్టుకొని నిల్చున్న ఫోటో జతచేశాను. కరెంటు పోయి చీకటిగా ఉండడంతో ఫోటో సరిగా రాలేదని, మళ్ళీ తీసి పంపమని మరునాడు సందేశం వచ్చింది.

అక్టోబరు 13న కురిసిన పెద్ద వానకు మా ఊళ్ళో రెండు రోజులు కరెంటు లేదు. 14వ తేదీ రిపోర్టులో చూసినవారు 0 అని వేశాను. అది మండలం మొత్తం మీద ఒంటరి సున్నా. సాయంత్రం ఫోన్ చేసిన ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “సార్, సున్నా వేస్తే పైన అడుగుతరు, నిన్నటి అంకె వేసుకోండ్రి” అన్నాడు. కరెంటే లేదు కదా అంటే, “మిగతా బడులకు ఉన్నదట కదా” అన్నాడు. నేను సున్నా మార్చలేదు. రాత్రి పదింటికి చూస్తే మా వరుసలో 88 ఉంది. ఎవరు మార్చారో తెలియదు. ఎవరూ మారుస్తున్నామని అనుకొని కూడా ఉండరు.

డిసెంబరులో తనిఖీకి ఒక అధికారి వచ్చారు. మర్యాదస్తులు, మంచినీళ్ళు కూడా అడగకుండా రిజిస్టర్లు అడిగారు. సందర్శనల రిజిస్టరు, ఫోన్ సంభాషణల రిజిస్టరు, వర్క్‌షీట్ల పంపిణీ రిజిస్టరు, పీరియడ్ ప్లాన్లు, కొవిడ్ జాగ్రత్తల రిజిస్టరు, అన్నీ చూసి ప్రతిదానిలో చివరి పేజీలో సంతకం చేశారు. నేను దిద్దిన వర్క్‌షీట్లు ఒక యూరియా సంచి నిండా ఉన్నాయి. చూస్తారా సార్ అని అడిగాను. వాటి పంపిణీ రిజిస్టరు చూశాను కదా అన్నారు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. ఆ సోమవారం పిల్లలను చూసిన సంతోషం మాటల్లో చెప్పలేను, పదిన్నర నెలల్లో కొందరు నాకంటే పొడవయ్యారు. అంతకు ముందు వారమంతా తల్లిదండ్రుల అంగీకార పత్రాలకే సరిపోయింది. పత్రం లేనిదే పిల్లవాణ్ణి రానివ్వకూడదు. సంతకం పెట్టవలసిన తండ్రి హైదరాబాదులో కూలి పనిలో ఉంటే తల్లి వేలిముద్ర చెల్లుతుందా అన్న ప్రశ్నకు జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. చెల్లుతుందనే వచ్చింది. గదికి 20 మందికి మించకూడదు కాబట్టి 34 మందిని రెండు గదుల్లో కూర్చోబెట్టి ఒకే పాఠం రోజుకు రెండుసార్లు చెప్పాను. అలసట తెలియలేదు. బడి తెరిస్తే డిజిటల్ రిపోర్టు ఆగుతుందనుకున్నాం, ఆగలేదు. పై తరగతులకు గదిలో పాఠం, కింది తరగతులకు టీవీ, వాటి రిపోర్టుతో పాటు కొత్తగా హాజరు, శరీర ఉష్ణోగ్రత, శానిటైజర్ నిల్వ కూడా చేరాయి.

తండా అమ్మాయి ఫిబ్రవరిలో రాలేదు. ఇంటివాళ్ళతో కలిసి మిరప ఏరడానికి ఖమ్మం వైపు వెళ్ళింది. మార్చి 8న వచ్చింది. ఆ వారంలోనే మా బడిలో పదో తరగతికి ఎఫ్‌ఏ-1 (బడిలోనే జరిగే మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం) పెట్టాం. పిల్లల భాగస్వామ్యానికి 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, లఘు పరీక్షకు 5, మొత్తం 20 మార్కులు. ఆ అమ్మాయికి భాగస్వామ్యానికి 3 వేశాను, తరగతిలో లేదు కాబట్టి. రాత పనికి 4. ప్రాజెక్టుకు 5, శ్రేఢుల మీద ఆ పత్తి లెక్కనే పెంచి రాసింది, నేను దాచిన పాత కాగితాన్ని దానికి ఆధారంగా జతచేశాను. లఘు పరీక్ష ఫిబ్రవరిలో చెప్పిన పాఠాల మీద కాబట్టి ఒక్క మార్కే వచ్చింది. మొత్తం 13. మే 17 నుంచి ఆరు పేపర్లతో పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి, ఏప్రిల్‌లో ఎఫ్‌ఏ-2 ఉంది, ఇది మొదటిదే కదా, తరువాత సరిచేసుకోవచ్చు అనుకున్నాను. మార్చి నెలాఖరుకు మార్కులు అప్‌లోడ్ అయ్యాయి. ఈలోగా మార్చి 24 నుంచి బడులు మళ్ళీ మూతపడ్డాయి. ఎఫ్‌ఏ-2 జరగలేదు.

ఏప్రిల్ 15న పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు జ్వరం. రెండు రోజుల తరువాత పాజిటివ్ అని తేలింది. పిల్లలు లేకపోయినా ఉపాధ్యాయులు ఏప్రిల్ 26 వరకు బడికి వెళ్ళవలసిన రోజులవి, నేను ఇంట్లోనే వేరే గదిలో పడుకున్నాను. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది, ఫార్మాట్ నింపడం నాకే తెలుసు కదా. ఏప్రిల్ 20న వచ్చినది ఇది: బడిలో పనిచేసే సిబ్బంది, ఈ రోజు హాజరైనవారు, పాజిటివ్ వచ్చినవారు. హెచ్‌ఎం మేడం దగ్గే ఆపుకుంటూ, “మీరు పడుకోండ్రి సార్, నేనే ఎట్లనో నింపుత” అన్నారు. వద్దన్నాను. ఆమె నింపితే గడి ఎర్రబడుతుందని తెలుసు. మంచం మీద నుంచే పాజిటివ్ వచ్చినవారు గడిలో 1 అని వేశాను. ఆ ఒకటి నేనే. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

పరీక్షలు లేకపోతే ఫలితం దేని మీద ఇస్తారన్న అనుమానం కొద్ది రోజులకే తీరింది. ఎఫ్‌ఏ-1 మార్కులను వందకు లెక్కగట్టి గ్రేడు ఇస్తారు. మార్చిలో మేము ఒక అడుగుగా అనుకున్నది ఆఖరి అడుగైపోయింది. ఒంట్లో బాగా లేకపోయినా లేచి కూర్చుని కాల్క్యులేటర్ అక్కరలేని లెక్క చేశాను: 13ను ఐదుతో గుణిస్తే 65, బీ2 గ్రేడు, 7 పాయింట్లు. సరిచేసే అవకాశం ఉందేమోనని ముగ్గురికి ఫోన్ చేశాను. ఆప్షన్ తీసేశారని ముగ్గురూ చెప్పారు. ఒకాయన మాత్రం, “అందరూ ఇరవైకి ఇరవై ఏసిండ్రు సార్, మీరెందుకు 13 ఏసిండ్రు?” అని నిజమైన ఆశ్చర్యంతో అడిగాడు. ఏడాదంతా అంకెలను గడికి తగ్గట్టు సర్దుతూ వచ్చినవాణ్ణి, ఒక్కచోట ఉన్నదున్నట్టు వేశాను. అది సరిగ్గా ఆమెకే తగిలింది. లఘు పరీక్షను ఒక వారం ఆగి ఆమెకు విడిగా పెట్టి ఉండవచ్చు, ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు. మార్చిలో నాకు ఆ వారం లేదు, ఎందుకు లేదో నోటుబుక్కులో ఉంది: ఆ వారంలో కొత్త ఫార్మాట్లు మూడు.

మే 21న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 2,10,647 మందికి గ్రేడు పాయింట్ల సగటు పదికి పది. మా తరగతిలో 11 మందికి. తండా అమ్మాయికి 9.2. ఆమెకు మిగిలిన సబ్జెక్టుల్లో తొమ్మిదులూ పదులూ ఉన్నాయి, గణితంలో మాత్రం 7.

మరునాడు ఆమే ఫోన్ చేసింది, వాళ్ళ అత్త నంబరు నుంచి. నేను సంజాయిషీ చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. ఆమె గ్రేడు ఊసే ఎత్తలేదు. “సార్, ఆ వర్క్‌షీట్లు పారేసిండ్రా? మా తమ్ముడు పదిల పడ్డడు, మల్ల టీవీలనే చెప్తరంట” అన్నది. పారేయలేదన్నాను. లాక్‌డౌన్ సడలింపు ఉదయం ఆరు నుంచి పది వరకే కాబట్టి సోమవారం పొద్దున ఆరింటికే బయలుదేరి, బడి తాళం తీయించి, యూరియా సంచిలోంచి ఆమె వర్క్‌షీట్లు 22 ఏరి, ఒక దారంతో కట్టి తండాలో ఇచ్చి వచ్చాను. పత్తి లెక్క ఉన్న కాగితం మాత్రం ఇవ్వలేకపోయాను. అది ఎఫ్‌ఏ-1 రికార్డులో ప్రాజెక్టు పనికి ఆధారంగా కుట్టి ఉంది, రికార్డు నుంచి కాగితం తీయకూడదు. దాన్ని వెలుతురులో పెట్టి, మసక రాకుండా రెండుసార్లు చూసుకొని ఫోటో తీసి వాళ్ళ అత్త నంబరుకు పంపాను.